అంగిలి సాక్ష్యం

6 జూలై 1998, సోమవారం

ఇంజక్షన్ ఇవ్వడం, కట్లు కట్టడం, మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం అన్నీ నేర్చుకున్నాం. నర్సింగ్ రెండో ఏడులో ఇక మిగిలింది జనం నోళ్లలోకి తొంగిచూడటమే. అది ఇవాళ మొదలైంది.

విశాఖ నుంచి పళ్ల డాక్టరమ్మ వచ్చారు, శ్రీదుర్గ మేడమ్. సొంతూరు నెల్లూరట. మాకూ, మా ఆస్పత్రిలో పోస్టింగ్ మీద ఉన్న మెడికల్ కుర్రాళ్లకూ కలిపి నోటి ఆరోగ్యం మీద మూడు వారాల ట్రైనింగ్. కుర్రాళ్లలో తాతాజీ అని ఎస్. రాయవరం అబ్బాయి ఉన్నాడు. ఆవిడ ఇంకా పేరు చెప్పుకోవడం పూర్తి కాకుండానే చెయ్యెత్తి, "పళ్లు మా సబ్జెక్టు కాదు కదా మేడమ్" అన్నాడు. "పళ్లు పోనీ, నోరు ఎవరి సబ్జెక్టు నాయనా?" అన్నారావిడ. అతను కూర్చున్నాడు.

మేడమ్ చెప్పిన మాట నాకు నచ్చింది. జ్వరం చూడటానికి రోజూ పేషెంటు నోట్లో థర్మామీటర్ పెడతాం కదా, ఎలాగూ తెరిచిన నోరు, అప్పుడే ఓ టార్చి వేసి చూస్తే మన సొమ్మేం పోతుంది అన్నారు. పెదవులు, బుగ్గల లోపల, నాలుక, నాలుక కింద, చివరికి అంగిలి. అంగిలిని ఎవరూ చూడరట. తల వెనక్కి వంచమంటే గాని కనబడదు, అలా వంచమని అడగడానికి అందరికీ బద్ధకం.

తర్వాత ఇద్దరిద్దరం ఒకరి నోరొకరు చూసుకున్నాం. నాకు జోడీగా గొలుగొండ పిల్ల తలుపులమ్మ పడింది. పుచ్చు పన్ను ఉందని చెప్పినందుకు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండా అంతసేపు ఉండగలదని దానికే తెలియదు.

ఇంటికొచ్చి అమ్మ నోరు, నాన్న నోరు చూశాను. మామ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుంది. "నా నోట్లో ఏటుందే సూడ్డానికి, పల్లా నేవు" అంది. మామ్మకి నిజంగానే పళ్లు సరిగా లేవు. చూడాల్సింది ఏమీ లేదు.

7 జూలై

ఈ ఏడు ఆవకాయలో కారం దండిగా పోసేసిందని మామ్మ అమ్మ మీద ఎగిరింది. నాకైతే చప్పగా ఉంది.

9 జూలై, గురువారం

గురువారం కాబట్టి చర్చిలో స్త్రీల సమాజం. రోలుగుంట నుంచి కొత్తగా ఇద్దరు కోడళ్లు వచ్చారు. కొత్తవాళ్లు వస్తే పాస్టరమ్మగారు మామ్మ చేత సాక్ష్యం చెప్పించడం రివాజు. నేను పుట్టకముందు జరిగిన ఉజ్జీవ కూడికల్లో మామ్మ ముందుకొచ్చి, చుట్ట ముట్టనని దేవుడి ముందు ప్రమాణం చేసింది. "ఆ దినం మొదలుకొని ఈ దినం వరకూ సుట్ట ముట్టనేదు" అని చెయ్యెత్తి చెబితే సమాజమంతా ఆమేన్ అంటుంది. జ్ఞానమణమ్మగారి సాక్ష్యం అంటే మా సంఘంలో అంత పేరు. నాన్నని సంఘ పెద్దగా ఎన్నుకున్నప్పుడు కూడా, ఆ తల్లి కొడుకు కదా అన్నారట.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక మామ్మ ఎప్పటిలాగే పెరట్లో పాకలోకి ఏకాంత ప్రార్థనకి వెళ్లింది. ఆ వేళప్పుడు మేమెవరం అటు వెళ్లం. కాసేపటికి పొగ వాసన వచ్చింది. పేపరు చదువుతున్న నాన్న, "పొయ్యి పొగ" అన్నారు. మాకు గ్యాస్ వచ్చి చాలా కాలమైంది. అగ్గిపెట్టెలు మాత్రం ఇంకా బాగా ఖర్చవుతాయి. అమ్మ దోమల కోసం అంటుంది. దోమల కోసమే అయ్యుంటుంది.

11 జూలై, శనివారం

ఓపీలో రోలుగుంట వైపు ఆడవాళ్లు చాలామంది వచ్చారు. మేడమ్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, "ఏమ్మా, చుట్ట తాగుతారా?" అని అడిగారు. నేదమ్మా అన్నారు. "బీడీ? పొగ ఏదైనా తాగే అలవాటు?" నేదు, నేదు, ఆయన తాగుతాడు గాని నాను తాగను. మేడమ్‌కి సంతోషం పట్టలేదు. మా వైపు ఇలాంటి ఊరు చూడలేదమ్మా అన్నారు.

ఆ తర్వాత అప్పయమ్మ అనే ఆవిడ తల వెనక్కి వంచింది. అంగిలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, మధ్యలో ఎర్రని చుక్కలు. మేడమ్ ఇంకో నోరు చూశారు, ఇంకొకటి చూశారు. "పొగ ముట్టని నోళ్లు ఇలా ఎందుకున్నాయి?" అని మమ్మల్ని అడిగారు.

తలుపులమ్మ నేలకేసి చూసింది. తాతాజీ కిటికీలోంచి బయటికి చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. ఈ వైపు పుట్టినవాళ్లందరికీ ఇంట్లో ఒక మామ్మ ఉంటుంది.

12 జూలై

ఆదివారం. ప్రసంగం ఏమిటో గుర్తులేదు.

13 జూలై, సోమవారం

చెప్పేశాను. మేడమ్ మొహం చూస్తే ఉండబట్టలేదు. రాత్రంతా పుస్తకాలు తిరగేసి వచ్చారట, పాపం.

"చుట్ట అని అడక్కండి మేడమ్. అడ్డపొగ అని అడగండి."

అదేమిటన్నారు. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకోవడం అని చెప్పాను. నాట్లు వేసేటప్పుడు వాన పడ్డా ఆరదు, చంకలో పిల్ల మీద నుసి పడదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. మేడమ్ కాసేపు నోరు తెరుచుకునే ఉన్నారు. అంగిలి కనిపించింది, గులాబీ రంగులో చక్కగా ఉంది. "ఇంగ్లీషులో చదివానమ్మా దీని గురించి. తెలుగులో ఏమంటారో తెలీక మొన్నంతా ఎవరినేం అడిగానో" అని నుదురు కొట్టుకున్నారు.

అప్పయమ్మ మందుకోసం మళ్లీ వచ్చింది. ఈసారి నేనే అడిగాను.

"ఆఁ, అదా? అది నేకపోతే ఎలాగమ్మా."

"మరి మొన్న పొగ తాగనన్నారు?"

"పొగ మగోలు తాగుతారు, గాల్లోకి ఒగ్గుతారు. మాది నోట్లోనే ఉంటాది కదేటి."

అందరం నవ్వాం, అప్పయమ్మ కూడా. అంతా బాగానే ఉంది గాని, మేడమ్ చివర్లో, "నీకింత బాగా ఎలా తెలుసు కెజియా? ఇంట్లో ఎవరికైనా అలవాటుందా?" అని అడిగారు. నా నోటికి ఏమొచ్చిందో అది అనేశాను.

"మా పక్కింట్లో మేడమ్."

14 జూలై

మా పక్కిల్లు పాస్టరుగారిది.

15 జూలై

ఇవాళ్టి క్లాసు. తెల్ల మచ్చల్లో ఎర్రని చుక్కలుంటే వెంటనే కంగారు పడక్కర్లేదు, పొగ మానిస్తే చాలావరకు తగ్గుతాయి. చుక్కల్లా కాకుండా ఒకచోట ఎర్రగా పుండులా ఉంటే ఆలస్యం చెయ్యకూడదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, అది క్యాన్సర్ కావచ్చు. పేషెంటు తనంతట తాను చెప్పదు. కారం తగిలితే మండుతుందా అని మనమే అడగాలి.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. ఈ ఏడు ఆవకాయకి కారం పోయినేడాది కొలతేనట.

అయినా మిరపకాయ రకం మారి ఉండొచ్చు.

17 జూలై

మిరపకాయ మారలేదు. అదే కొట్టు, అదే రకం. మామ్మ రాత్రి పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు.

నాకు భయంగా ఉంది. ఇంకెక్కడా చెప్పలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. మా మామ్మ అడ్డపొగ మానలేదు. నాకు తెలుసు, అమ్మకి తెలుసు, పొయ్యి పొగ అనే నాన్నకి అందరికంటే బాగా తెలుసు. మామ్మ నోట్లో ఏదో ఉంది.

18 జూలై, శనివారం

మామ్మ నోరు తెరిపించడానికి ఇవాళ నేను పడ్డ పాట్లు. ఒళ్లు వెచ్చగా ఉంది మామ్మా అని థర్మామీటర్ తీస్తే, చంకలో పెట్టుకుంది. నవ్వితే చూద్దామని తాతాజీ ఉల్లిపాయ పకోడీ తిని నోరు చూపించడానికొచ్చిన కథ చెప్పాను. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మధ్యాహ్నం నిద్రలో నోరు తెరుస్తుంది కదా అని టార్చి పట్టుకుని మంచం పక్కన కూర్చుంటే, కళ్లు మూసుకునే, "ఎల్లి సదువుకో" అంది.

ఇక లాభం లేదని ఎదురుగా కూర్చుని అడిగేశాను. కారం తగిలితే మండుతోందా, నిజం చెప్పు అన్నాను.

"మండితే మండనీ. ఈ వయసులో నాకేటి ఆవకాయ."

"ఒక్కసారి చూడనియ్యి మామ్మా. పుండైతే ముదురుతుంది. చచ్చిపోతావు."

"సూత్తావు, సూసి మీ డాటరమ్మకి సెప్తావు. ఆయమ్మ పాస్టరమ్మకి సెప్తాది. మీ అయ్య పెద్దరికం ఏటౌద్ది? నా సాచ్చెం ఏటౌద్ది?"

"అబద్ధం సాక్ష్యం చెప్పమని నిన్నెవరన్నారు?"

అనకూడదు. అన్నాను. మామ్మకి నా మీద కోపం వస్తుందనుకున్నాను గాని, బుద్ధిగా ఆలోచించి మరీ జవాబిచ్చింది.

"అబద్దమేటి? సుట్ట ముట్టనన్నాను. ముట్టనేదు. అడ్డపొగ మాట నానెప్పుడైనా ఎత్తేనా?"

అప్పయమ్మకీ మా మామ్మకీ తేడా ఏమీ లేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని లేచి వెళ్లాను.

20 జూలై, సోమవారం

కొంప మునిగింది. ఈ గురువారం స్త్రీల సమాజం అయ్యాక చర్చి హాల్లోనే క్యాంపు పెడతారట. మేడమ్ పాస్టరమ్మగారితో మాట్లాడటానికి వెళ్లొచ్చారు. వచ్చి నన్ను మెచ్చుకున్నారు కూడా. "నువ్వు చెప్పబట్టి వాళ్లింటి సంగతి మెల్లిగా ఎత్తాను కెజియా. మీరే ముందు నోరు చూపిస్తే మిగతావాళ్లకి ధైర్యం వస్తుందని అడిగాను."

"ఆవిడేమన్నారు మేడమ్?"

"కాఫీ ఇవ్వబోయినావిడ గ్లాసు మళ్లీ లోపలికి పట్టుకెళ్లిపోయారు."

తలుపులమ్మకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. పుచ్చు పన్ను బాగా కనిపించింది.

21 జూలై

సాయంత్రం పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"జ్ఞానానందంగారూ, మా ఇంట్లో అడ్డపొగ ఉందని ఎవరో డాక్టరుగారితో చెప్పారటండీ. పొరుగువాళ్లే చెప్పారట. ఈ సంఘానికి వచ్చి ఇన్నేళ్లయింది, ఇలాంటి మాట ఎప్పుడూ పడలేదు" అన్నారు నాన్నతో. ఆవిడకి వక్కపొడి అలవాటు కూడా లేదు.

నాన్న పేపరు మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. నేను తలుపు చాటున సిగ్గుతో చచ్చిపోయాను. చెబుదామని ఒక అడుగు ముందుకు వేశాను కూడా. చెబితే మామ్మ బయటపడుతుంది. వెనక్కొచ్చాను. పిరికిదాన్ని.

ఆవిడ వెళ్లాక మామ్మ పెరటి గుమ్మంలోంచి పిలిచింది. అంతా వినేసినట్టుంది.

"పక్కిల్లని సెప్పేవేటి?"

"చెప్పాను."

తిడుతుందని చూశాను. తిట్టలేదు. చాలాసేపు పాక వైపు చూస్తూ కూర్చుంది గాని లోపలికి వెళ్లలేదు.

23 జూలై, గురువారం

వివరంగా రాయాలి. మర్చిపోతానని కాదు, మళ్లీ చదువుకోవడానికి.

హాల్లో బల్లలు జరిపి కుర్చీ వేశాం. మేడమ్ మాట్లాడారు. నోట్లో మచ్చ ఉండటం తప్పు కాదు, చూపించకుండా దాచుకోవడమే ప్రమాదం అని. తాతాజీ టార్చి పట్టుకుని నిలబడ్డాడు. "ఎవరు ముందొస్తారమ్మా?" అన్నారు మేడమ్. ఒక్కరూ లేవలేదు. ప్రార్థనలో కూడా మా సమాజం అంత నిశ్శబ్దంగా ఉండదు. పాస్టరమ్మగారు చివరి బల్ల మీద తల వంచుకుని కూర్చున్నారు. అందరి కళ్లూ ఒకటి తర్వాత ఒకటి ఆవిడ వైపు తిరుగుతున్నాయి. మాట అప్పటికే ఊరంతా పాకిపోయింది.

మామ్మ లేచింది. కుర్చీ దగ్గరికి రాలేదు, ముందు ఆవిడ దగ్గరికెళ్లి నిలబడింది.

"అమ్మా, పక్కింట్లో అడ్డపొగుందని మా కెజియా గుంట సెప్పింది. అది అబద్దం కాదు. మీకు పక్కిల్లు మాదే."

మామ్మ సమాజం వైపు తిరిగింది. సాక్ష్యం చెప్పేటప్పుడు ఎత్తే చెయ్యి ఎత్తలేదు.

"సుట్ట ముట్టనని సెప్పేను. ముట్టనేదు. అడ్డపొగ ఒగ్గనేదు. దేముడికి తేడా తెల్దనుకున్నాను. మీకు తెల్దనుకున్నాను. మీరు ఆమేన్ అన్న పెతిసారీ నాకు సిగ్గేసింది. పెరట్లోకి ఎల్లి ఇంకోటి ఎలిగించేదాన్ని."

మొదట ఎవరు నవ్వారో తెలీదు. ఎగతాళి నవ్వు కాదు. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పాకింది, చివరికి పాస్టరమ్మగారు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వేశారు. మామ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. మేడమ్ నోరు చూసే చిన్న అద్దం తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు గాదు తల్లీ. ఒలే కెజియా, బేగి సూడు. మల్లీ మనసు మారిపోగల్దు."

తల వెనక్కి వంచింది. అద్దం ముందు మామ్మ పెదవికి తగిలింది. పెదవులు, బుగ్గలు, నాలుక, నాలుక కింద. వరస తప్పలేదు. అంగిలి తెల్లగా గరుగ్గా ఉంది. కుడివైపు చిక్కుడు గింజంత ఎర్రని పుండు. నేను మేడమ్‌కి అద్దం ఇచ్చాను. ఆవిడ చూసి, "ఈ అమ్మాయి సరిగ్గా చూసింది. చిన్న ముక్క తీసి విశాఖ పంపుదాం" అన్నారు.

మామ్మ లేచేసరికి వెనక వరస తయారైంది. ఉజ్జీవ కూడికల్లో ఆ రోజు మామ్మతో పాటు ప్రమాణం చేసినవాళ్లు చాలామంది అందులో ఉన్నారు. చుట్ట ఒక్కరూ ముట్టలేదు.

26 జూలై, ఆదివారం

ఆరాధన అయ్యాక నాన్న లేచి నిలబడి, పెద్దరికం వదులుకుంటానన్నారు. ఇన్నేళ్లూ పొయ్యి పొగ అని చెప్పింది నేనే అన్నారు. పాస్టరుగారు, "గురువారం వరసలో నిలబడ్డ ఇళ్లవాళ్లందరినీ తీసేస్తే కమిటీలో నేనూ మా ఆవిడా మిగుల్తాం. కూర్చోండి సార్" అన్నారు.

28 జూలై

ముక్క తీశారు. మామ్మ "హబ్బ" అని కూడా అనలేదు. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంటి దాకా వదల్లేదు.

30 జూలై

పొగ మానేసిన మామ్మతో ఒకే ఇంట్లో ఉండటం అంటే మాటలు కాదు. పొద్దున్న అమ్మతో గొడవ, మధ్యాహ్నం పాలవాడితో, సాయంత్రం మేకతో. సోంపు డబ్బా ఖాళీ అయింది. నాన్న ఇంట్లో ఉండాల్సి వస్తుందని బడిలో ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టుకున్నారు.

2 ఆగస్టు

పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు. నాకేం భయం లేదు.

4 ఆగస్టు

భయంగానే ఉంది. వార్డులో ఒక పేషెంటుకి జ్వరం రెండుసార్లు చూశాను. మొదటిసారి చూసింది మర్చిపోయి. అందరి అంగిళ్లూ చూస్తున్నాను, అవసరం ఉన్నా లేకపోయినా. నోరు తెరిచిన మనిషిని చూస్తే తల వెనక్కి వంచండి అనేస్తున్నాను. కొట్టువాడు ఆవలిస్తే కూడా అనబోయాను.

దేవుడా, మామ్మ చుట్టకీ అడ్డపొగకీ తేడా చెప్పి నిన్ను మోసం చేసింది నిజమే. ఆవిడ సంగతి నీకు ముందే తెలుసు కదా. అయినా ఆ చెయ్యెత్తితే నీకూ నచ్చి ఉంటుంది.

7 ఆగస్టు, శుక్రవారం

క్యాన్సర్ కాదు.

క్యాన్సర్ కాదు, కాదు, కాదు. కాగలిగేదట, ఇంకొన్నేళ్లు ఇలాగే సాగి ఉంటే. మేడమ్ ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పారు. నేను వార్డులోంచి ఇంటిదాకా యూనిఫాంతోనే పరుగెత్తాను. సిస్టరుగారు రేపు నా పని చెబుతారు. చెప్పనీ.

మామ్మకి చెప్పాను. "ఐతే దినానికొక్కటి పరవానేదేటి?" అంది. అమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఉరికినే అడిగేను, ఊరుకోండి" అని మామ్మ గోడవైపు తిరిగింది. తిరిగి ఏడ్చింది. మేమూ ఏడ్చాం. తర్వాత అమ్మ చేపల పులుసు పెట్టింది, మామ్మకి వేరుగా కారం లేకుండా.

19 సెప్టెంబర్

ట్రైనింగ్ ఎప్పుడో అయిపోయినా తాతాజీ ఇప్పుడు థర్మామీటర్‌తో పాటు టార్చి కూడా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడట. వాళ్ల ఊళ్లో సొంత మేనత్త నోరు చూశాడని తలుపులమ్మ చెప్పింది. తలుపులమ్మకి అతని సంగతులన్నీ ఎలా తెలుస్తున్నాయో అడిగాను. పన్ను నొప్పి అని వెళ్లిపోయింది.

1 అక్టోబర్, గురువారం

సమాజానికి కొత్తవాళ్లు వచ్చారు. పాస్టరమ్మగారు కొంచెం తటపటాయించి, "జ్ఞానమణమ్మగారూ, సాక్ష్యం చెబుతారా?" అన్నారు.

మామ్మ ముందుకెళ్లింది. చెయ్యెత్తుతుందని అందరం చూశాం. ఎత్తలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా సాచ్చెం నాను సెప్పకూడదు. మాటల్లో ఎక్కడో దగ్గర సందు సూసుకుంటాను, నా సంగతి నాకు తెల్సు. ఒలే కెజియా, నువ్వు సూసి సెప్పు."

అంతమంది ముందు తల వెనక్కి వంచి నోరు తెరిచింది. పాస్టరమ్మగారు తన సంచిలోంచి టార్చి తీసి పట్టుకున్నారు. నేను వంగి చూశాను. ఎర్ర పుండు మానిపోయింది. తెలుపు చాలావరకు విడిపోయి, కింద లేత గులాబీ రంగు బయటపడింది. మామ్మ అంగిలి ఆ రంగులో ఉంటుందని నాకు తెలియదు. నర్సులా గట్టిగా చెబుదామని నిటారుగా నిలబడ్డాను.

"మానేసింది" అన్నాను.

సమాజమంతా ఆమేన్ అంది. నేను టార్చి దించమన్నాను. మామ్మ మాత్రం నోరు మూయలేదు. అలా తెరిచే ఉంచి, వేలితో ఎడమవైపు చూపిస్తూ, "ఆ ఊల ఊడా ఊడవే" అంది.

ఆ మూల కూడా చూశాను.

"అక్కడ కూడా మానేసింది" అన్నాను.